కరెంటు తీగలో నాదం ఉందా?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్పుతానని తెలిసిన పెద్దవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కరెంటు గుండా వచ్చే ఆ మోతను నాదం అనవచ్చా? నాదోపాసనను నమ్మే ఇళ్లలో పుట్టిన ప్రశ్న ఇది. దీన్ని తోసిపుచ్చలేను.

శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాస్తూ నాదాన్ని రెండు విధాలుగా చెప్పాడు. అనాహతం మునులు ఉపాసించేది. ముక్తినిస్తుంది గాని మనసును రంజింపజేయదు. మీటితే, తాకితే పుట్టే ఆహతం రంజింపజేస్తూనే దరి చేరుస్తుంది. నా గిటార్‌లో పుట్టేది ఆహతమే. పికప్ అయస్కాంతం ఎదుట ఉక్కు తీగ కంపిస్తే, ఆ అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది. ఆంప్‌లో పెరిగి స్పీకర్ దగ్గర మళ్లీ గాలి కదలికగా మారుతుంది. మొదట కదిలింది వేలే.

అయితే ఆ వేలు చివరిదాకా వినిపించాలి. అందుకే పిల్లల చేత ముందు ధ్వనిని మార్చే పెడల్స్ అన్నీ తీయించేస్తాను. గిటార్ నుంచి ఆంప్‌కి ఒకే కేబుల్, ఒకే స్వరం. బ్రిడ్జి పక్కన మీటితే పదునుగా పలుకుతుంది, మెడ వైపు జరిగితే మెత్తబడుతుంది. పిక్ కొంచెం వాల్చి పట్టుకున్నా తేడా తెలుస్తుంది. ఆ స్వరం పూర్తిగా ఆగేదాకా వినమంటాను. వాళ్లకు కావలసింది డిస్టార్షన్. నాకూ అది ప్రాణం. కాని గెయిన్ మరీ పెంచితే అలల శిఖరాలు తెగిపోతాయి. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఇంచుమించు ఒకేలా మోగుతుంది. మీటిన మనిషి అందులో దొరకడు.

మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీది టోన్ నాబ్ దేన్నీ కలపదు. తిప్పినకొద్దీ పదునైన ధ్వనుల్ని గ్రౌండ్‌లోకి పంపేస్తుంది, అంతే. ఉపనిషత్తులు చూపిన ‘నేతి’ మార్గం నాకు అక్కడ గుర్తొస్తుంది: కానిదాన్ని తీసేస్తూ పోవడం.

ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె, “సార్, నా సౌండ్ నాకెప్పుడొస్తుంది?” అని అడిగింది. వాయించబోయే ముక్కను ముందు పాడమన్నాను. సిగ్గుపడుతూనే పాడింది. ఆ తర్వాత తీగ లాగితే బెండ్ సరిగ్గా స్వరం మీద నిలిచింది, అదీ ఆమె గొంతులోని వణుకుతో సహా. నేను చెప్పిన పద్ధతి కొత్తదేం కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి వినిపించేవారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. విన్నదాన్ని పిల్లవాడు వాద్యం మీద పలికించేవాడు. ఆ పిల్లవాడే తర్వాత ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలికించాడు. కరెంటులో నాదం ఉందా అన్న సందేహం నాకు అక్కడే తీరిపోయింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు కొత్త పెడల్ అడిగితే వెంటనే కొనివ్వకండి. పక్కన కూర్చుని, వాళ్లు మీటిన ఒక్క స్వరాన్ని చివరిదాకా వాళ్లతో కలిసి వినండి.