గేటు దాటిన తర్వాత

పుంగనూరు నుంచో కుప్పం నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చి, మదనపల్లె టమాటా మార్కెట్‌లో క్రేట్లు మోస్తున్న ఒక మనిషిని ఊహించుకోండి. చిన్నప్పుడు ఇంట్లోనే దెబ్బలు తిన్నాడు. ఆ నొప్పి మరవడానికి తాగుడు పట్టాడు. మత్తులో చేసిన తప్పుకు జైలుకెళ్లి వచ్చాడు. ఇప్పుడు మందు ముట్టక ఎనిమిది నెలలు. చేతుల వణుకు ఆగింది. అయినా మేస్త్రీ అతడి లెక్క రెండుసార్లు చూస్తాడు. జైలుకన్నా ఆ చూపే బరువు.

జబ్బుపడ్డవాళ్లనూ ఒకప్పుడు ఇలాగే చూశారు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. అప్పటికి ఆ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, నెలల తరబడి ఓపిక, అదే వైద్యం. నయమై ఇల్లు చేరినా గ్లాసు వేరుగా పెట్టే రోజులవి.

క్షయలాగే వ్యసనమూ జబ్బే. తిరగబెడుతుంది కూడా. అప్పుడు తిట్లు పనిచేయవు, వైద్యం కావాలి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరుకు చెప్పే మాన్పించండి.

వ్యసనం మానడానికి 14446, మనసు భారానికి 14416. పిల్లలెవరైనా దెబ్బలు తింటుంటే 1098. ఈ మూడు నంబర్లూ ఉచితం. ఇప్పుడే రాసిపెట్టుకోండి.