మైదానంలో లేని మూడోవాడు

ఏ ఆటల పోటీ అయినా చివరికొచ్చేసరికి ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. పైన ఇద్దరు ముగ్గురు కప్పు కోసం పెనుగులాడుతుంటారు. ఫుట్‌బాల్ లీగుల్లోనైతే అడుగున మరో ముగ్గురు నలుగురు కింది శ్రేణికి జారిపోకుండా కొట్టుకుంటుంటారు. ఈ రెండు గుంపులకూ మధ్య, పైకి పోలేనివాళ్ళూ కిందికి పడనివాళ్ళూ కొందరుంటారు. వాళ్ళకు ఇక వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కాని పైవాళ్ళ తలరాతా కిందివాళ్ళ తలరాతా చాలాసార్లు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఎందుకంటే మిగిలిన ఆటలు వాళ్ళతోనే ఆడాలి. ఏ ఆశా లేనివాడు ఎందుకు ఒళ్ళు దాచుకోకుండా ఆడాలి? ఈ ప్రశ్న ఆటకు మాత్రమే సంబంధించింది కాదని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఈ తగవు ఎండాకాలంలో క్రికెట్ రూపంలో వస్తుంది. బాగేపల్లి హైదరాబాదు-బెంగుళూరు రోడ్డు మీద ఉంది. మన మనసులూ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఐ.పి.ఎల్. మొదలైతే చింతామణిలోనూ చిక్కబళ్ళాపురంలోనూ టీ అంగళ్ళ ముందర ఒకే ఇంటివాళ్ళు రెండు జట్లవుతారు. 2009 ఫైనల్లో బెంగుళూరును డెక్కన్ చార్జర్స్ 6 పరుగులతో ఓడించింది. 2016 ఫైనల్లో బెంగుళూరు సొంత మైదానంలోనే హైదరాబాదు సన్‌రైజర్స్ 8 పరుగులతో ఓడించింది. ఆ రెండు రాత్రులూ మన ఇళ్ళలో కొందరు సంబరపడ్డారు, కొందరు అన్నం ముట్టలేదు.

2025 మే నెలలో ఈ తగవు కొత్త మలుపు తిరిగింది. మే 23న లక్నోలో బెంగుళూరు, హైదరాబాదు జట్లు తలపడ్డాయి. హైదరాబాదు అప్పటికే పోటీ నుంచి బయటపడిపోయింది. బెంగుళూరు మొదటి రెండు స్థానాల్లో ఒకదాని కోసం పాకులాడుతోంది. ఆ రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళకు ఫైనల్ చేరడానికి రెండు అవకాశాలుంటాయి కనుక వాటి విలువ తక్కువేం కాదు. హైదరాబాదు 231 పరుగులు చేసి, బెంగుళూరును 42 పరుగుల తేడాతో ఓడించింది. మరునాడు ఒక కుర్రవాడు నాతో అన్న మాట ఇది: "మనోళ్ళు ఎట్లా పోయినోళ్ళే కదన్నా. మన బెంగుళూరుకు ఒక ఆట వదిలేసుంటే వాళ్ళ సొమ్మేం పోయేది?"

ఆ మాటలో "మన" రెండుసార్లు వచ్చింది, రెండు వేర్వేరు జట్లకు. సరిహద్దు మనిషి మనసు అది. దాన్ని తప్పు పట్టను. కాని అతని లెక్కలో ఒక మనిషి తగ్గాడు. బెంగుళూరుకు లాభం, హైదరాబాదుకు నష్టం లేదు, అంటే ఎవరికీ నష్టం లేదని అతను అనుకున్నాడు. అవే రెండు స్థానాల కోసం గుజరాతు, పంజాబు, ముంబాయి కూడా పోరాడుతున్నాయి. ఆ రాత్రి లక్నో మైదానంలో వాళ్ళెవరూ లేరు. హైదరాబాదు ఆట వదిలేస్తే పోయేది వాళ్ళ సొమ్ము.

రెండు రోజులకే ఇదే న్యాయం తిరగబడి వచ్చింది. మే 25న, పట్టికలో అట్టడుగున ఉన్న చెన్నై, అగ్రస్థానంలో ఉన్న గుజరాతును 83 పరుగులతో ఓడించింది. గుజరాతు జారిపోయింది. మే 27న లక్నోను గెలిచి బెంగుళూరు రెండో స్థానం చేరింది. జూన్ 3న, 18వ ఏట, మొదటిసారి కప్పు గెలిచింది. చెన్నై అభిమానులకు బెంగుళూరు అంటే ఎంత పోటీయో మనకు తెలుసు. అయినా బెంగుళూరుకు దారి తీసినవాళ్ళలో చెన్నై ఒకటి. ఐ.పి.ఎల్.లో అట్టడుగున ఉన్నా కింది శ్రేణికి పంపరు. కాబట్టి చెన్నైకి గెలిస్తే లాభం లేదు, ఓడితే భయమూ లేదు. అయినా ఆడింది.

దీనికి ఎదురుగా నిలిచే సంగతి ఫుట్‌బాల్‌లో ఉంది. 2024 మే 14న లండనులో టాటెన్‌హామ్, మాంచెస్టర్ సిటీ జట్ల మధ్య ఆట జరిగింది. సిటీ ఓడినా, కనీసం గెలవకపోయినా, కప్పు పోటీలో ఆర్సెనల్‌కు పెద్ద మేలు జరిగేది. ఆర్సెనల్ టాటెన్‌హామ్‌కు పక్క వాడకట్టు జట్టు, తరాల వైరం. అందుకని టాటెన్‌హామ్ అభిమానుల్లో చాలామంది తమ జట్టు ఓడితే బాగుండునని కోరుకున్నారు. తమ జట్టుకు నాలుగో స్థానం మీద ఇంకా కొద్దిపాటి ఆశ ఉన్నా సరే. సిటీ 2-0తో గెలిచింది. చివరికి 91 పాయింట్లతో, ఆర్సెనల్ కంటే రెండే ఎక్కువగా, కప్పు ఎత్తింది. సొంత మైదానంలో సొంతవాళ్ళే ఓటమిని కోరుకోవడం టాటెన్‌హామ్ శిక్షకుడికి మింగుడు పడలేదు.

మన పెద్దవాళ్ళు చెప్పే కథ గుర్తుకొస్తుంది. నువ్వేం కోరితే పక్కవాడికి దానికి రెట్టింపు ఇస్తానని దేవుడంటే, నాకొక కన్ను పోనీ అని అడిగాడట ఒకడు. ఆ కథకు నవ్వుతాం, కాని ఏటా పోటీల చివర్లో ఆ వరం అడిగేవాళ్ళు మనలోనే తేలుతారు. కోరుకుంటే తప్పేముంది, కోరిక పని కాదు కదా, అని ఒక వాదం ఉంది. నిజమే, చూసేవాడి కోరికతో బంతి కదలదు. కాని జట్టు గెలిచిన రోజు మనం "వాళ్ళు గెలిచారు" అనం, "మనం గెలిచాం" అంటాం. గెలుపులో భాగం అడిగినప్పుడు ధర్మంలో భాగం వద్దనడానికి వీల్లేదు.

ఆటగాళ్ళే ఈ వరం అడిగితే ఏమవుతుందో 1982 ప్రపంచ కప్పులో లోకం చూసింది. జూన్ 25న స్పెయిన్‌లోని హిహోన్ పట్టణంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ ఒకటి రెండు గోళ్ళ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకు పోతారు, అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషం దగ్గర జర్మనీ ఒక గోలు కొట్టింది. తరువాత ఇరుపక్షాలూ బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ కాలం వెళ్ళబుచ్చాయి. అంతకుముందు జర్మనీనే ఓడించిన అల్జీరియా, తన చివరి ఆట ముందురోజే ముగించి, ఏమీ చేయలేక చూస్తూ ఉండిపోయింది. ఏ నియమమూ తప్పలేదన్నారు. అయినా 1986 నుంచి ఒక గుంపులోని చివరి రెండు ఆటలనూ ఒకే వేళకు పెట్టారు. నియమం తప్పని చోట కూడా అన్యాయం జరగగలదని దాన్నిబట్టే తెలుస్తోంది.

అన్ని సందర్భాలూ ఇంత తేటగా ఉండవు. 2007 మే 13న, అప్పటికే కప్పు గెలిచేసిన మాంచెస్టర్ యునైటెడ్ కొందరు ముఖ్య ఆటగాళ్ళను మొదట బయట కూర్చోబెట్టి వెస్ట్ హామ్‌తో ఆడింది. ఓడితే కింది శ్రేణికి పోవలసిన వెస్ట్ హామ్ 1-0తో గెలిచి బతికిపోయింది. షెఫీల్డ్ యునైటెడ్ కిందికి పోయింది. వారం తిరక్కుండా మాంచెస్టర్‌కు మరొక ఫైనల్ ఉంది, ఆటగాళ్ళకు విశ్రాంతి కావాలి. ఇది మోసమా? మోసమనలేను. ఇలాంటి చోట నాకు తోచిన కొలత ఒకటే: నేను చేసే పనికి కారణాన్ని ఆ మూడోవాడి ముఖం మీద చెప్పగలనా? మాంచెస్టర్ తన కారణాన్ని షెఫీల్డ్‌కు కాస్త తడబడుతూ అయినా చెప్పగలదు. హిహోన్‌లో ఆడినవాళ్ళు అల్జీరియాకు ఏమని చెబుతారు? టాటెన్‌హామ్ అభిమాని తన కోరికను ఆర్సెనల్ వాడికి నవ్వుతూ చెప్పగలడేమో, తన ఆటగాడికి చెప్పలేడు.

జాలి మాటేమిటని అడగవచ్చు. కింది శ్రేణికి పోయిన జట్టుకు రాబడి పడిపోతుంది. ఆటగాళ్ళవే కాదు, మామూలు పనివాళ్ళ బతుకులూ తారుమారవుతాయి. మునిగేవాడికి, మనకు పోయేదేమీ లేనప్పుడు, చెయ్యి అందిస్తే తప్పా? అక్కడ మునిగేవాళ్ళు ఇద్దరుంటారు. కంటి ఎదుట ఉన్నవాడిమీద జాలిపడటం సులువు. కనబడని రెండోవాణ్ణి మన చేత్తోనే ముంచుతున్నామని తెలియకపోవడమే ఆ జాలిలోని లోపం. మన ఎదుట ఉన్నాడన్న ఒక్క కారణంతో ఒకడికి చేసే మేలు, ఎదుట లేడన్న కారణంతో ఇంకొకడికి చేసే కీడవుతుంది.

పల్లెల్లో గట్టు తగాదా వస్తే మనం ఎవరిని పిలుస్తాం? ఆ పొలంలో సెంటు భూమి లేనివాణ్ణి, ఇద్దరికీ చుట్టం కానివాణ్ణి. నాకేం సంబంధం అని అతను దులుపుకుంటే తీర్పే జరగదు. సంబంధం లేకపోవడమే అతని అర్హత, అదే అతని బాధ్యత. పోటీలో ఆశ పోయిన జట్టు కూడా అలాంటి సాక్షే. కప్పు గెలిచినవాడు నిజంగా గెలిచాడని చెప్పగలిగేది, పోగొట్టుకునేది లేకపోయినా ఒళ్ళు దాచుకోకుండా అతన్ని ఎదిరించినవాడు మాత్రమే. హైదరాబాదు మే 23న ఆట వదిలేసి ఉంటే, జూన్ 3న మనం ఎత్తుకున్న కప్పులో చిల్లు ఉండేది.

ఈ విషయం మన పత్రికలో రాయడానికి మరో కారణం ఉంది. ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి తెలుగులో మార్కులు లేవు, తెలుగుతో ఉద్యోగం రాదు. ఆ లెక్కన మన తెలుగు ఏ పోటీలోనూ లేదు. కనుక ఎలా మాట్లాడితేనేం, ఎలా రాస్తేనేం అనే మాట మన మధ్య తరచు వినబడుతుంది. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు; ఏ భాషలో పాడితే ఏం దక్కుతుందని లెక్క చూసుకుని పాడలేదు. మనం రాసే ఉత్తరం, పిల్లకు చెప్పే కథ, పత్రికకు పంపే నాలుగు మాటలు ఇప్పుడు మన ఎదుట లేనివాడి చేతికి రేపు అందుతాయి. వాడు పుట్టాడో లేదో మనకు తెలియదు. వాడికీ ఇందులో న్యాయంగా రావలసిన వాటా ఉంది.