మతం గడిలో తెలుగు

మారిషస్ జనాభా లెక్కల్లో మతం అడిగే చోట ‘హిందూ’ ఒక జవాబు, ‘తెలుగు’ వేరే జవాబు. తమిళ, మరాఠీ మూలాలవాళ్లకూ అంతే. ఇది గుమాస్తాల పొరపాటేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి వైపు తీరం నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కినవారి సంతతి ఇవాళ ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగు బడికీ గుడికీ పరిమితమైంది. సింహాద్రి అప్పన్న పూజ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన, ఉగాది మాత్రం చెక్కుచెదరలేదు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు కూడా. మాట సన్నగిల్లి ఆచారం నిలిచినచోట ఆ ఆచారానికే జనం తమ పేరు పెట్టుకున్నారు. వాళ్లు చెప్పింది సర్కారు రాసుకుంది. ఇందులో తప్పుపట్టడానికి నాకేమీ కనబడదు.

చిక్కంతా ఎన్నికల దగ్గర వస్తుంది. 1968 మార్చి 12న స్వతంత్రమైన ఆ దేశ రాజ్యాంగం ప్రకారం అభ్యర్థి తన సముదాయమేదో చెప్పాలి. హిందువులు, ముస్లిములు, చైనా సంతతివారు అని మూడు వర్గాలు. జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందనట్టు కనిపించే ప్రతివారూ నాలుగోదైన ‘సాధారణ జనాభా’లో పడతారు. ఇక్కడ తెలుగువాళ్లు హిందువుల్లో కలిసిపోతారు. ఒకే మనిషికి, ఒకే ప్రభుత్వం దగ్గర, జనగణన పుస్తకంలో ఒక పేరు, నామినేషన్ పత్రంలో మరో పేరు! రెండూ అబద్ధం కావు. ఏ అవసరానికి అడిగారో దాన్నిబట్టి జవాబు మారిందంతే. కాబట్టి నా వాదన ఇది: మతమేమిటని రాజ్యం అడగొచ్చు, మనిషి చెప్పింది రాసుకోవచ్చు, కాని అతని బతుకు చూసి ఫలానా మతంవాడని తేల్చే అధికారం దానికి ఉండకూడదు.

బతుకును చూసి తేల్చడం న్యాయమా అన్న ప్రశ్నకు ముందు, అసలది సాధ్యమా అన్నది ఉంది. ఏటా సెప్టెంబరు 9న పోర్ట్ లూయిస్‌లోని సెంత్‌క్రువాలో, 1864లో చనిపోయిన క్యాథలిక్ ఫాదరీ లావాల్ సమాధికి యాత్ర సాగుతుంది. విముక్తులైన బానిసల మధ్య పనిచేసిన ఆయన దగ్గరికి హిందువులూ ముస్లిములూ కూడా వస్తారు. మనకిది వింత కాదు. ఉగాదినాడు దేవుని కడపలో వెంకన్న దర్శనానికి ముస్లిములు వరస కడతారు. వాళ్లను ఏ అధికారి ఏ వర్గంలో రాయాలి? మన సుప్రీంకోర్టు 1995లో హిందుత్వాన్ని జీవన విధానమన్నప్పుడు ఆ కొలత అందరినీ కలుపుకొనేంత విశాలంగా వినిపించింది. మారిషస్ రాజ్యాంగంలో అదే కొలత జల్లెడైంది. ఇలా చూసినా అలా చూసినా తేల్చేది భక్తుడు కాదు, పైనున్నవాళ్లు. 2018లో లింగాయతులకు ప్రత్యేక మతంగా అల్పసంఖ్యాక హోదా ఇవ్వాలని బెంగళూరులో కర్ణాటక మంత్రివర్గం తీర్మానించినప్పుడూ పేచీ ఇదే. లింగాయతులు కొలిచే బసవని కథను పాల్కురికి సోమన తెలుగులో రాస్తే అది తర్వాత కన్నడానికి వెళ్లింది. అంతగా కలిసి పారిన సంప్రదాయానికి హద్దు గీయడం మంత్రివర్గం పని ఎలా అవుతుంది?

చరిత్ర తెలిసినవాళ్లు దీనికి గట్టి జవాబే చెబుతారు. స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, 1968 జనవరిలో, పోర్ట్ లూయిస్‌లో మతకలహాలు చెలరేగాయి. అంతకుముందు 1961లోనే ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ దీవి శాంతియుతంగా ఎదిగే అవకాశం తక్కువని రాశాడు. ఓడినవారిలోంచి సముదాయాల వారీగా ఎనిమిది మంది దాకా పార్లమెంటుకు తీసుకునే ఏర్పాటు చిన్నవర్గాల భయం తీర్చిందనీ, అందుకే చక్కెర ఒక్కదాన్నే నమ్ముకున్న దేశం బట్టల ఎగుమతికీ పర్యాటకానికీ ఆర్థిక సేవలకీ ఎదిగిందనీ వాళ్లంటారు. ఆ భయం నిజమే, ఆ రోజుకి ఏదో ఒక హామీ అవసరమే. కాని ఐరోపా ఇచ్చిన చక్కెర ధర, 1970లో మొదలైన ఎగుమతి మండలం చేసిన మేలును ఆ ఎనిమిది సీట్ల ఖాతాలో వేయలేం. పైగా 1999 ఫిబ్రవరిలో గాయకుడు కాయా పోలీసు నిర్బంధంలో చనిపోతే విముక్త బానిసల సంతతైన క్రియోల్ జనం బస్తీలు భగ్గుమన్నాయి. వాళ్లది సీట్ల లెక్కలో చోటున్న ‘సాధారణ జనాభా’యే. పార్లమెంటులో చోటుంటే బస్తీలో కోపం ఉండదనుకోవడం భ్రమ. ఇంతకీ ఆ లెక్క దేన్ని పట్టుకుని నడుస్తోంది? 1972 జనగణనను. ఆ తర్వాత సముదాయమేదని అడగడమే మానేశారు.

మనిషి మాటే చాలంటే లాభం కోసం అబద్ధాలాడరా? ఆడతారు. అక్కడ ప్రభుత్వం మతసంస్థలకిచ్చే ధనసాయం కూడా అనుయాయుల సంఖ్యను బట్టే ఉంటుంది కనుక, చెప్పుకున్న మతానికీ ధర పలుకుతుంది. నా వాదనకు బరువైన అడ్డు ఇదేనని ఒప్పుకోవాలి. అయినా దీనికి మందు బతుకును తనిఖీ చేయడం కాదు, జవాబుకు కట్టిన బహుమానాన్ని విప్పేయడం. చిన్నవర్గాల రక్షణను మతాన్ని బట్టి కాక పార్టీలకు పడ్డ ఓట్ల నిష్పత్తిని బట్టి కూడా ఇవ్వొచ్చు. సముదాయం చెప్పనందుకు నామినేషన్ కొట్టేయడం అన్యాయమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తేల్చింది. 2014లో రాజ్యాంగాన్ని సవరించారు, అదీ ఆ ఒక్క ఎన్నికకే. అప్పుడు చెప్పదలచుకోనివారు చెప్పకుండానే పోటీ చేసే వీలుండేది, ఓడితే మాత్రం ఆ అదనపు సీట్ల జాబితాలో వాళ్ల పేరుండేది కాదు.