రెండవ ఓడ

క్షమించడం మంచిదని మనందరం ఒప్పుకుంటాం. కాని ఎందుకు క్షమించాలి? దానివల్ల మనకు లాభం కనుకనా, ఎదుటివాడూ మనిషే కనుకనా? ఏ కారణమైతేనేం, ప్రాణం దక్కితే చాలు కదా అని ఎవరైనా అనవచ్చు. ప్రాచీన గ్రీసులోని ఏథెన్సు నగరం కథ వింటే అంత తేలికగా అనలేం.

ఆ రోజుల్లో గ్రీసు ఒకే రాజ్యం కాదు. ఒక పట్టణం, దాని చుట్టూ పొలాలు, అదే ఒక రాజ్యం. అందరి భాషా ఒకటే, అందరి దేవతలూ ఒకరే. ఒలింపియా ఆటలకు అందరూ కలిసేవారు. అయినా పొరుగువాడి ఎదుగుదల చూసి ఓర్చుకోలేకపోయేవారు. క్రీ.పూ. 431లో ఏథెన్సుకూ స్పార్టాకూ మొదలైన యుద్ధం 27 ఏళ్ళు సాగింది.

లెస్బోస్ దీవిలోని మిటిలీనీ నగరం ఏథెన్సుకు మిత్రపక్షం. క్రీ.పూ. 428లో అది తిరగబడి, మరుసటి ఏడు లొంగిపోయింది. ఏథెన్సు పౌరులు సభ చేరి, కోపం మీద తీర్మానించారు: వయసొచ్చిన మగవారందరినీ చంపాలి, ఆడవారినీ పిల్లలనూ బానిసలుగా అమ్మాలి. ఆ ఆజ్ఞతో ఓడ కూడా బయలుదేరింది.

తెల్లవారేసరికి వారి మనసు కలవరపడింది. తప్పు చేసినవారితోపాటు ఊరు ఊరంతా చావాలా? సభ మళ్ళీ కూడింది. జాలి సామ్రాజ్యానికి చేటని, నిన్నటి మాటమీదే నిలబడాలని క్లియోన్ వాదించాడు. డయోడొటస్ అనే ఆయన లేచి, నేను న్యాయం గురించి మాట్లాడటంలేదు, మన లాభం గురించే మాట్లాడుతున్నానన్నాడు. లొంగినవారినీ చంపితే ఇకమీదట తిరగబడిన ఏ ఊరూ లొంగదు, పాడుపడిన ఊరు కప్పమూ కట్టదు అని లెక్క చెప్పాడు. చేతులెత్తితే స్వల్ప తేడాతో ఆయన మాటే నెగ్గింది.

రెండవ ఓడ కదిలింది. మొదటిది అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. తెడ్లు వేసేవారు ద్రాక్షారసం, నూనె కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేశారు. వంతులవారీగా నిద్రపోయారు. అదృష్టం కొద్దీ ఎదురుగాలి వీచలేదు. సేనాని పాకీస్ మరణాజ్ఞ చదివి అమలుకు సిద్ధమవుతుండగా ఓడ రేవు చేరింది.

ఇది చదివినప్పుడల్లా నా మనసు మొదటి ఓడ దగ్గరే ఆగుతుంది. అలాంటి పాడు పనిమీద వెళ్తున్నందున అది తొందరపడలేదని చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. ఆ తెడ్లవాళ్ళకు ఎవరూ లాభనష్టాలు చెప్పలేదు. చేతులే బరువెక్కాయి.

అందరూ బతికారని కాదు. తిరుగుబాటుకు కారకులని వెయ్యిమందికి పైగా చంపారు. కాని ఊరు మిగిలింది.

క్రీ.పూ. 416లో మేలోస్ అనే చిన్న దీవి వంతు వచ్చింది. మేము ఎవరి పక్షమూ కాదు, మమ్మల్ని వదిలేయండి అని వారు వేడుకున్నారు. ఈసారి లెక్క అటు తిరిగింది. చిన్న దీవిని వదిలితే మనం బలహీనులమనుకుంటారు అన్నది ఏథెన్సు వాదన. ముట్టడించి, లొంగాక మగవారిని చంపి, ఆడవారినీ పిల్లలనూ అమ్మేశారు. 500 మంది తమవారిని అక్కడ కాపురం పెట్టారు. రెండవ ఓడ ఏదీ బయలుదేరలేదు. డయోడొటస్‌ను నేను తప్పుపట్టను. ఆ సభలో మరో మాట చెల్లదని ఆయనకు తెలిసే ఉంటుంది. కాని ఆయన నేర్పిన లెక్కలో మేలోస్ పిల్లలకు చోటు లేకపోయింది.

క్రీ.పూ. 405లో ఏథెన్సు నౌకాదళం నాశనమైంది. ఆ వార్త రాత్రివేళ రేవుకు చేరింది. ఏడుపు గోడల వెంట ఒకరినుంచి ఒకరికి పాకి నగరం చేరింది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదని, మేలోస్‌వారికి తాము చేసిందే తమకూ జరుగుతుందని వణికిపోయారని క్సెనొఫోన్ రాశాడు. మరుసటి ఏడు ఏథెన్సు లొంగిపోయినప్పుడు, దాన్ని నేలమట్టం చేయాలని కొరింతు, థీబ్స్ పట్టుబట్టాయి. స్పార్టా ఒప్పుకోలేదు. పారసీకులు దండెత్తి వచ్చిన గడ్డుకాలంలో గ్రీసుకంతటికీ మేలు చేసిన నగరాన్ని బానిసగా చేయబోమంది. స్పార్టాకూ ఏవో లెక్కలు ఉండే ఉంటాయి. గోడలు కూలాయి, ఓడలు పోయాయి. ఏథెన్సు పిల్లలు మాత్రం అమ్ముడుపోలేదు.