నోటీసులో కక్ష అని రాసే ముందు

అమ్మడూ,

రాజమండ్రి కోర్టులో నోటీసులు రాయడం మొదలెట్టావని మీ అమ్మ చెప్పింది. సెక్షన్లు మీ సీనియర్ గారు నేర్పుతారు. మన కాలవ గట్ల మీద జనం ఎలా దెబ్బలాడుకుంటారో, దేనికి ఏ మాట వాడతారో నేను చెబుతాను.

ముందు వెటకారాన్ని దెబ్బలాట కింద జమ కట్టకు. "తమరు పెద్దోరండి, గట్టు మా చేలోకి నడిచొచ్చినా తమరికి అవుపడదండి, ఆయ్" అన్నాడంటే వాడింకా మాటల్లోనే ఉన్నాడు. అండీ అన్నంతసేపూ రాజీకి చోటుంది. అది ఊడిపోయి "తేల్చుకుందాం రా" అన్నరోజున మీ ఆఫీసు మెట్లెక్కుతాడు. హైదరాబాదులో పెరిగినదానివి, ఆ తేడా చెవికి పట్టడానికి కొన్నాళ్లు పడుతుంది.

వంతు నీళ్లు ముందెవరికని బోదె దగ్గర నిలబడి మొండికేస్తే అది పేచీ. సాయంత్రానికి చల్లారుతుంది. తగువు అంతకంటే బరువైనదే గానీ మంచి మాట. పాత తెలుగులో తగవంటే న్యాయం, తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. అంచేత తగువు పడ్డవాడు తీర్పు కోరుతున్నాడన్నమాట. కయ్యంలో చెయ్యి లేస్తుంది. కక్షకి చెయ్యి లేవక్కర్లేదు, ఏళ్ల తరబడి నవ్వుతూ పలకరిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఏ ఫిర్యాదు చూడు, "పాత కక్షలు మనసులో పెట్టుకుని" అని రాసేస్తున్నారు. నిన్నటిదాకా ఒకే అరుగు మీద కూర్చుని పేపరు చదువుకున్నవాళ్లు ఆ కాగితం అందుకున్నాక నిజంగానే కక్ష పెంచుకుంటారు. నువ్వు మాత్రం ఆ ముక్క రాసే ముందు "ఎప్పట్నించండి? దేని గురించండి?" అని అడుగు. నీళ్లు నమిలాడంటే కక్ష లేదు, గట్టు తగువే ఉంది. అదే రాయి.

కయ్యానికి కాలు దువ్వాడని ఎవరి మీదైనా చెబితే ఇంకొంచెం తవ్వు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉన్నా సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరులు లేస్తూనే ఉన్నాయి కదా. అక్కడ కాలు దువ్వేది కోడి, కాలికి కత్తి కట్టేది మనిషి. ఊరి తగాదాల్లోనూ కత్తి కట్టే తంపులమారి ఒకడుంటాడు. సాక్షుల జాబితాలో వాడి పేరే ముందుంటుంది, చూసుకో.

పంతం సంగతి వేరు. పంతం పట్టినవాళ్లందరినీ కొట్లాటకోరులు అనెయ్యకు. తిరుపతి వేంకట కవులని పేరుపడ్డ జంట మన గోదావరి వాళ్లే. చెళ్లపిళ్ల వారిది కడియం, దివాకర్ల వారిది యండగండి. సంస్కృతంలోనూ తెలుగులోనూ తమని గెలిచినవాడుంటే తీసేస్తామని మీసాలు పెంచి సవాలు విసిరారు. వేంకట రామకృష్ణ కవులతో వాళ్లకి నడిచిన వాగ్యుద్ధం 'గీరతం' అని పుస్తకంగానే ఉంది. అందులో అతి లేదనను, ఎత్తిపొడుపులు బోలెడు. అయినా ఆ పోటీ పద్యం మీదే నడిచింది. పొలం గట్టు మీద పంతానికి పోయినవాడికి ఆ పద్యం ఉండదు, అదే చిక్కు. వాడికి ఒక్క మాట నెగ్గిందనిపించేలా రాజీపత్రం రాయి. సరిహద్దు రాయి రెండంగుళాలు జరపడానికి వాడే ఒప్పుకుంటాడు.

ఇక నీ సంగతి. పౌరుషం అనే మాటలోనే పురుషుడున్నాడు. మగాడు గొంతు పెంచితే పౌరుషం, రోషం. ఆడది పెంచితే గయ్యాళి. ఈ మాట నాకు చిన్నప్పట్నించీ నచ్చదు. కాకినాడ దగ్గర పుట్టిన సినిమా నటి సూర్యకాంతం గారు 1962 నాటి 'గుండమ్మ కథ' లాంటి సినిమాల్లో గయ్యాళి వేషాలు వేసీ వేసీ, సూర్యకాంతం అన్న పేరు ఆడపిల్లకి పెట్టాలంటేనే జనం జంకేలా చేశారు. బయట ఆవిడ సెట్టుకి వంటలు చేసుకొచ్చి అందరికీ వడ్డించే మనిషట. వేషానికి పెట్టిన పేరు మనిషికి అంటుకుంది. కోర్టులో నీకూ ఎవడో ఒకడు గయ్యాళి అన్న పేరు అంటించాలని చూస్తాడు. రోషం ఉండొద్దనను, మీ అమ్మమ్మకి నాకంటే ఎక్కువే ఉంది, ఈ ముక్క ఆవిడ చెవిన వెయ్యకు. ఎవడైనా గయ్యాళి అన్నప్పుడు అతని వైపు చూడకు. గొంతు తగ్గించనూ వద్దు. సాక్షిని తర్వాతి ప్రశ్న అడుగు.

మీ తాతయ్య