చెయ్యి తిరిగితే చాలునా?

అభ్యుదయం అనే మాటను మనం సమాజానికి వాడుతూ వచ్చాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిన నాటినుంచీ ఆ మాట మీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. మరి ఒక మనిషి ఇంట్లో కూర్చుని ఒక విద్య నేర్చుకుంటున్నప్పుడు అతని అభ్యుదయాన్ని దేనితో కొలవాలి? ఇది చిన్న ప్రశ్నే. కాని చిన్న ప్రశ్నలకు తనకు నచ్చిన జవాబు చెప్పుకునేవాడు పెద్ద ప్రశ్నలకు నిజమైన జవాబు చెప్పగలడని నాకు నమ్మకం లేదు.

యాభయ్యేళ్లు దాటాక నేను బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను. గురువు లేడు. పెన్సిలు, తెల్లకాగితాల పుస్తకం, రెండు నియమాలు: ప్రతి బొమ్మ కిందా తేదీ వెయ్యాలి, ఏ బొమ్మనూ చింపకూడదు. మూడేళ్లలో నాలుగు పుస్తకాలు నిండాయి. మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతోషం కలిగింది. గీత వణకడం మానింది. ముక్కు ముక్కు చోటికీ, చెవి చెవి చోటికీ వచ్చాయి. నాకు చెయ్యి తిరిగిందని నేనే తీర్పు చెప్పుకున్నాను.

మేముండే ఏ.ఎస్. రావు నగర్‌లో, మా వీధి మలుపున చెట్టు కింద, ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. బొగ్గుల పెట్టె. నా మొదటి పుస్తకంలో మూడో బొమ్మ ఆయనది. నాలుగో పుస్తకంలో చివరి బొమ్మా ఆయనదే. మెచ్చుకుంటాడనే ఆశతో రెండూ పట్టుకెళ్లి చూపించాను. ఆయన కొత్త బొమ్మను చాలాసేపు చూశాడు.

“మంచిగ గీసిన్రు సారూ. గని ఈ భుజం నాది గాదు,” అన్నాడు. పాత బొమ్మ మీద వేలు పెట్టి, “గిది నాది,” అన్నాడు.

నిజమే. ముప్ఫయ్యేళ్లుగా బరువైన పెట్టెను ఒకే చేత్తో నెట్టి నెట్టి ఆయన కుడి భుజం బాగా కిందికి దిగిపోయింది. పాత బొమ్మలో అది ఉంది. కొత్త బొమ్మలో రెండు భుజాలూ సరితూగిన త్రాసు పళ్లేల్లా ఉన్నాయి. ఈ మధ్యకాలంలో నేను పుస్తకాలు చూసి శరీర ప్రమాణాలు నేర్చాను: తలకు దేహం ఎన్ని రెట్లు, భుజాల గీత ఎక్కడ. నేర్చిన భుజాన్ని వేశాను. ఎదుటనున్న భుజాన్ని వెయ్యలేదు.

మా కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను నెలకొల్పినవారు. కొలిచే పరికరాలతో జీవితమంతా పనిచేసి రిటైరైనవాళ్లు ఇక్కడ తారసపడుతుంటారు. అలాంటి ఒక పెద్దాయనతో ఈ సంగతి చెప్పాను. “మీటరు సరిగా ఉందో లేదో ఆ మీటరుతోనే తేల్చలేమండీ. నిన్నటి రీడింగుతో ఇవాళ్టిది పోలిస్తే మార్పు తెలుస్తుంది, తప్పు తెలియదు. బయట ఒక ప్రమాణం ఉండాలి,” అన్నారు.

ఇక్కడ తొందరపడకూడదు. “నైపుణ్యం మనిషిని చెరిపేసింది, అమాయకపు గీతే నిజం పలికింది” అనేవారు మనలో ఉన్నారు. వస్తువు మంచిదైతే శిల్పం ఎలా ఉన్నా ఫరవాలేదనే వాదానికి ఇది తోబుట్టువు. నేను ఒప్పుకోను. ఆ మొదటి బొమ్మలో బండీ వంకరే, చెట్టూ వంకరే, ఆయన మొహమూ వంకరే. అన్నీ వంకరైన చోట ఒక వంకర నిజం కావడం యాదృచ్ఛికం. నేను ఆ భుజాన్ని చూసి వేశానా, చెయ్యి జారిందా? నాకే తెలియదు. తెలిసి చెప్పిన నిజం వేరు, పొరపాటున నోరు జారిన నిజం వేరు. ఆ ఒక్క భుజాన్నీ తెలిసి దించాలంటే మిగతావన్నీ నిటారుగా నిలబెట్టగల చెయ్యి కావాలి. 1880లో, ఇరవయ్యేడేళ్ల వయసులో, చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్న వాన్ గో బార్గ్ అభ్యాస పటాలను పదేపదే నకలు తీశాడు. అంతకుముందే బొగ్గుగని కార్మికుల మధ్య బతికినవాడు. వాళ్ల మీద ప్రేమ ఉన్నంత మాత్రాన గీత రాదని అతనికి తెలుసు.

కాబట్టి తప్పు నేర్చుకోవడంలో లేదు, లెక్కలో ఉంది. ఎన్ని పుటలు నిండాయి, గీత ఎంత సాఫీ అయింది – ఇవన్నీ నా గురించిన లెక్కలు. ఎదుటి మనిషి గురించిన లెక్క అందులో ఒక్కటీ లేదు. మూడేళ్లపాటు ఆయన నా ప్రగతికి ముడిసరుకు అయ్యాడు. శ్రామికుణ్ణి బొమ్మ వేసినంత మాత్రాన శ్రామికుని పక్షాన ఉన్నట్టు కాదు.

ఆయనకూ చెయ్యి తిరిగింది. నలిగిన చొక్కా నాలుగు విసుర్లలో కాలరుతో సహా నిలబడుతుంది. ఆ నైపుణ్యానికి తేదీలు వేసిన పుస్తకం లేదు. ఉన్నదల్లా ఆ భుజమే. ముప్ఫయ్యేళ్ల అభ్యాసం అక్కడే నమోదైంది. నేను నా పుస్తకం దిద్దుకుంటూ ఆయన పుస్తకాన్ని తుడిచేశాను.

మరి కళలో ఆ బయటి ప్రమాణం ఏది? తెనాలి మహాసభ జరిగిన 1943లోనే బెంగాలు కరువు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగి ఆకలి మనుషులను గీశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో వచ్చిన ఆ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. కరువు బాధితులను ఎదుట ఉండి గీయమని ఆయన ప్రోత్సహించిన యువకుడు సోమనాథ్ హోర్ 1946లో తెభాగా రైతుల మధ్యకు వెళ్లి బొమ్మలతో డైరీ రాశాడు. 1970లలో అదే చెయ్యి తెల్ల కాగితపు గుజ్జులో, మనిషి ఆకారమైనా లేకుండా, గాయాలను చూపగలిగింది. ఎంత దూరం నడిచాడు! అయితే ఆ నడకను కొలవవలసిన రాయి ఆయన గీతలో లేదు. కరువులో చూసిన గాయంలో ఉంది.

అంటే బొమ్మలోని మనిషి తీర్పే ఆఖరిదా? కాదు. తనను అందంగా వెయ్యమని ఎవరైనా అడగవచ్చు. ఆయన అందం అడగలేదు. తన శ్రమను తుడిచెయ్యవద్దన్నాడు.

ఇప్పుడు ఐదో పుస్తకం నడుస్తోంది. తేదీ కింద ఒక వాక్యం అదనంగా రాస్తున్నాను: ఇవాళ ఎదుట కొత్తగా ఏం కనపడింది అని. కొన్ని రోజులు ఆ చోటు ఖాళీగా ఉంటోంది. దాన్నీ అలాగే ఉంచుతున్నాను. భుజం మాత్రం ఇంకా కుదరలేదు. దించితే చూసేవాళ్లకు జాలి పుట్టేలా వాలిపోతోంది. ఆయన భుజంలో ఉన్నది జాలి కాదు, బరువు. మొన్న చూసి, “ఇంక జర పైకి లేపున్రి సారూ,” అన్నాడు.

మళ్లీ వేస్తున్నాను.