సాక్ష్యాన్ని వినడం: హోలోకాస్ట్ స్మృతిరచన బోధనలో ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

అమెరికా ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు తరగతుల్లో ఎలీ వీజెల్ రాసిన 'నైట్' దశాబ్దాలుగా పాఠ్యగ్రంథంగా ఉంది. 14, 15 ఏళ్ల విద్యార్థులు ఒక నెల ఒక నాటకాన్నీ మరొక నెల ఒక నవలనూ చదివినట్లే ఈ పుస్తకాన్నీ చదువుతారు. పాత్రచిత్రణ, ప్రతీక, ఇతివృత్తం అనే అవే పరికరాలతో దీన్నీ విశ్లేషిస్తారు. చివరకు అదే పద్ధతిలో పరీక్ష రాస్తారు. ఒక మనిషి తన తల్లినీ చెల్లెలినీ చివరిసారి చూసిన క్షణం అయిదు మార్కుల ప్రశ్న కావచ్చునా? కాకూడదంటే ఆ పుస్తకం తరగతిగదిలోకి రావలసిన అవసరమేమిటి? ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న ఇరుకును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడి ప్రతిపాదన ఇది: సాక్ష్య సాహిత్యాన్ని బోధించే ఉపాధ్యాయుడు విద్యార్థిని బాధితుని స్థానంలో కూర్చోబెట్టడానికి ప్రయత్నించరాదు. చెప్పేవాని ఎదుట శ్రోతగా నిలవడం ఎలాగో నేర్పాలి. ఆ శ్రోతృత్వం ఒక భాషా నైపుణ్యం, ఒక నైతిక సామర్థ్యం కూడా. అందువల్ల దాన్ని అలవరచడం సాహిత్య తరగతి బాధ్యత అవుతుంది.

పేరులోని చిక్కు

నాజీ జర్మనీ, దాని సహకారులు కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను హతమార్చిన ఘటనకు ఇంగ్లీషులో స్థిరపడిన పేరు హోలోకాస్ట్. దీని గ్రీకు మూలానికి అర్థం పూర్తిగా దహించి సమర్పించిన ఆహుతి. హత్యను బలిగా చెప్పే ఈ పదాన్ని ప్రీమో లెవీ ఇష్టపడలేదు. హీబ్రూలో వాడే 'షోవా' అనే మాటకు మహావిపత్తు అని అర్థం. అందులో యజ్ఞభావన లేదు. తెలుగులో మనం తరచుగా వాడే 'నరమేధం' సరిగ్గా గ్రీకు పదం చేసిన పొరపాటునే చేస్తుంది. అశ్వమేధంలోని మేధమే ఇందులోనూ ఉంది. మేధమన్నప్పుడు యజమాని, దేవత, ఫలం అనే భావనలు వెంట వస్తాయి. ఆ విషవాయు గదుల్లో ఇవేవీ లేవు. రఫాయెల్ లెమ్కిన్ 1944లో ప్రచురించిన గ్రంథంలో కల్పించిన ఇంగ్లీషు పదానికి సమానంగా 'జాతి నిర్మూలన' అనడమే అర్థానికి దగ్గర. ఒక పేరు ఏ కథను తనతో మోసుకొస్తుందో గమనించడం సాహిత్య విద్యార్థి నేర్వవలసిన తొలి పాఠం. ఈ పుస్తకం విషయంలో ఆ పాఠం శీర్షికకు ముందే మొదలవుతుంది.

కూర్పు, కల్పన

వీజెల్ 1928లో సిగెత్ అనే పట్టణంలో జన్మించాడు. రుమేనియాలోని ఆ ప్రాంతం 1940లో హంగరీ వశమైంది. 1944 మార్చిలో జర్మనీ హంగరీని ఆక్రమించగా, మే నెలలో సిగెత్ యూదులను ఔష్విట్జ్‌కు తరలించారు. తల్లీ చెల్లెలూ అక్కడే హతులయ్యారు. తండ్రి 1945 జనవరిలో బూహెన్‌వాల్డ్ శిబిరంలో మరణించాడు. ఏప్రిల్ 11న ఆ శిబిరం విముక్తమైంది.

ఈ అనుభవాన్ని వీజెల్ మొదట తన మాతృభాష యిడ్డిష్‌లో రాశాడు. 'లోకం మౌనంగా ఉండిపోయింది' అనే అర్థమిచ్చే శీర్షికతో ఆ గ్రంథం 1956లో బ్యూనస్ ఐరిస్‌లో వెలువడింది. బాగా కుదించిన ఫ్రెంచి రూపం 1958లో, కథోలిక రచయిత ఫ్రాంస్వా మోరియాక్ ముందుమాటతో వచ్చింది. దాన్నుంచి స్టెల్లా రాడ్వే చేసిన ఇంగ్లీషు అనువాదం 1960లోనూ, మారియన్ వీజెల్ చేసిన కొత్త అనువాదం 2006లోనూ వెలువడ్డాయి. యిడ్డిష్, ఫ్రెంచి పాఠాలను పోల్చి నయొమీ సీడ్‌మన్ 1996లో ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్యమైన తేడాను చూపింది. యూదు పాఠకులను ఉద్దేశించిన మొదటి రచనలోని ఆగ్రహం, ఫ్రెంచి రచనలో మౌనంగానూ దైవంతో వివాదంగానూ రూపు మార్చుకుందని ఆమె వాదన. ఇంకొక విషయం: వీజెల్ అక్కలిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. శిబిర ద్వారం దాటిన తర్వాత కథనం తండ్రీకొడుకుల మీదే నిలుస్తుంది గనుక పుస్తకంలో ఆ సంగతి కనిపించదు.

ఈ వివరాలను విద్యార్థికి చెప్పవలసిందేనా? చెప్తే 'ఇది కల్పించినదే' అనుకునే ప్రమాదం ఉంది. జాతి నిర్మూలన జరగనే లేదనేవారు ఇలాంటి తేడాలనే ఆయుధాలుగా వాడుకుంటారు. అయినా చెప్పవలసిందే. కూర్పు వేరు, కల్పన వేరు. ఏది ముందు చెప్పాలి, ఏది వదలాలి, ఎవరికి చెప్పాలి అనే నిర్ణయాలు ప్రతి సాక్ష్యంలోనూ ఉంటాయి; న్యాయస్థానంలో చెప్పే సాక్ష్యంలోనూ ఉంటాయి. సాక్ష్యానికి రూపం ఉండడం దాని సత్యానికి హాని కాదని వివరించగల శాస్త్రం మనదే. ఘటన జరిగిందని రుజువు చేసే పని చరిత్ర తరగతిది. జరిగినదాన్ని ఒక మనిషి మరొకరికి ఎలా చెప్పగలిగాడన్నది సాహిత్య తరగతి వస్తువు. ఈ తేడాను పాఠశాలలోనే నేర్చిన విద్యార్థి, తర్వాత ఎవరో వచ్చి రెండు ముద్రణల తేడాను చూపితే తడబడడు.

సాధనం, లక్ష్యం

మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్నది కాంట్ నీతిశాస్త్రంలోని ప్రధాన సూత్రం. పదజాలాన్ని పెంచడానికో ప్రతీకలను గుర్తించడం నేర్పడానికో మృతుల కథను వాడుకోవడం ఈ సూత్రానికి విరుద్ధం కాదా? ఇక్కడ సూత్రంలోని 'కేవలం' అనే మాట కీలకం. సాక్షి తన మాట ఇతరులకు చేరాలనే రాశాడు. అతని ఉద్దేశంతో కలిసి నడిచే వినియోగం అతన్ని అవమానించదు. ఆ ఉద్దేశాన్ని పక్కకు నెట్టే వినియోగమే అవమానిస్తుంది. తరగతిగదిలో అలాంటివి మూడు కనిపిస్తాయి.

మొదటిది పరీక్ష. 'రాత్రి' అనే ప్రతీక ఎన్ని చోట్ల వచ్చిందో లెక్కించి రాస్తే మార్కులు వస్తాయి, పుస్తకం ముగుస్తుంది. రెండవది ఓదార్పు. 'ఆశను వదులుకోరాదు' వంటి నీతివాక్యంతో పాఠాన్ని ముగించాలనే తొందర ఉపాధ్యాయునికి సహజం. కాని విముక్తి పొందిన బాలుడు అద్దంలో చూసుకొనే దృశ్యంతో ముగిసే ఈ రచన ఆ వాక్యానికి చోటివ్వదు. మూడవది అనుకరణ. విద్యార్థులను బాధితులుగా, కాపలాదారులుగా విభజించి ఆడించే అభ్యాసాలు కొన్ని బడుల్లో జరిగాయి. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం ఉపాధ్యాయులకిచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి అనుకరణలు వద్దని స్పష్టంగా చెబుతున్నాయి. గంట కొట్టగానే ముగిసే ఆట, ముగింపు తెలియని భయాన్ని ఎలా బోధిస్తుంది? 'నాకు తెలిసింది' అనే అబద్ధపు తృప్తిని మాత్రం అది తప్పక మిగులుస్తుంది.

సహృదయుడు, శ్రోత

అనుకరణను తోసిపుచ్చినా, సహానుభూతి సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మన అలంకారశాస్త్రం ఇక్కడ ఉపకరిస్తుంది. భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు విస్తరించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం శోకం ఫలానా వ్యక్తిది, ఫలానా కాలానిది అనే బంధాన్ని విడిచినప్పుడే కరుణరసమవుతుంది. అప్పుడే సహృదయుడు దాన్ని ఆస్వాదించగలడు. కావ్యానికి ఇది వరం. సాక్ష్యానికి మాత్రం అదే ముప్పు. సాక్ష్యం పట్టుకొని కూర్చునేది ఆ ఫలానాలనే: ఈ ఊరు, ఈ తేదీ, ఈ తండ్రి. పేర్లకు బదులు చేతిమీద అంకెలు పొడిచిన చోటునుంచి వచ్చిన రచనలో వ్యక్తిని సామాన్యంలో కరిగించడం, ఎంత సదుద్దేశంతో చేసినా, ఆ అన్యాయపు నీడలోకే వెళుతుంది. కాబట్టి సాక్ష్యానికి ఎదురుగా నిలిచే పాఠకుణ్ణి సహృదయుడనడం చాలదు. అతణ్ణి శ్రోత అనాలి. సహృదయుడు అనుభవంలో పాలు పంచుకుంటాడు. శ్రోతకు తనకూ చెప్పేవానికీ మధ్య ఉన్న దూరం తెలుసు, అయినా అక్కడినుంచి కదలడు.

ఆ దూరాన్ని మరిస్తే ఏమవుతుందో లెవీ తన 1986 గ్రంథంలో చెప్పిన ఒక సంఘటన చూపుతుంది. ఆయన ఒక బడికి వెళ్లినప్పుడు ఒక చిన్న పిల్లవాడు శిబిరం పటాన్ని నల్లబల్లమీద గీయించుకొని, కాపలాదారును చంపి ఎలా తప్పించుకోవచ్చునో వివరించాడు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఇలాగే చేయమని సలహా కూడా ఇచ్చాడు. పిల్లవాడిలో దురుద్దేశం లేదు. అతడు బాధితుని స్థానంలో తనను చాలా ఉత్సాహంగానే ఊహించుకున్నాడు. ఊహలో లోపించింది ఆకలి, అలసట, భాష తెలియకపోవడం, బయట ఆశ్రయమిచ్చే మనిషి లేకపోవడం. వినకుండానే చేసిన సహానుభూతి సలహాగా మారి, సలహా నిందకు దగ్గరవుతుంది.

తండ్రి పిలిచినా కొడుకు పలకలేకపోయిన ఘట్టం వద్ద తరగతిలో సాధారణంగా వచ్చే ప్రశ్న 'నువ్వైతే ఏం చేసేవాడివి?' అన్నదే. ఆ ప్రశ్న విద్యార్థికి న్యాయాధిపతి పీఠం వేస్తుంది. అడగదగిన ప్రశ్న వేరు: ఎవరూ చూడని ఈ సంగతిని ఇతడు ఎందుకు చెప్పుకున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే, వాక్యాల నిర్మాణంలోనే వెతకాలి. అది సాహిత్య విద్యార్థి చేయగల పని.

మోషే చెప్పిన మాట

పాఠకుని స్థానమేదో గ్రంథం మొదట్లోనే సూచించి ఉంది. సిగెత్ ప్రార్థనామందిరంలో చిన్న పనులు చేసుకొనే పేదవాడు మోషే. విదేశీ యూదులను వెళ్లగొట్టినప్పుడు అతణ్ణీ తరలించారు. తోటివారందరినీ కాల్చి చంపగా, గాయంతో బతికి, ఊరికి తిరిగివచ్చి ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మతి చెడిందన్నారు, జాలికోసం చెబుతున్నాడన్నారు. వీజెల్ తన సాక్ష్యాన్ని మరొకరి విఫలమైన సాక్ష్యంతో ప్రారంభించాడు. విద్యార్థి తనను ఎలియెజర్‌గా ఊహించుకోవాలనుకుంటాడు. పుస్తకం మాత్రం అతణ్ణి మోషే తట్టిన తలుపు వెనుక నిలబెడుతుంది.

ఇక్కడ ఉపాధ్యాయుడు జాగ్రత్తగా ఉండాలి. నమ్మకపోవడం సిగెత్ వాసుల అపరాధమనే అర్థం రాకూడదు. ముందెన్నడూ జరగనిదాన్ని, మోసంతో కప్పి ఉంచినదాన్ని వారు ఊహించలేకపోయారు. నమ్మగల ఆధారాలున్నవారు వేరే ఉన్నారు. రుడాల్ఫ్ వ్రబా, ఆల్ఫ్రెడ్ వెట్జ్‌లర్ 1944 ఏప్రిల్‌లో ఔష్విట్జ్ నుంచి తప్పించుకొని, అక్కడ జరుగుతున్నదాన్ని వివరంగా చెప్పగా నివేదిక తయారైంది. హంగరీ నుంచి సామూహిక తరలింపులు మొదలైంది మే 15న. జూలై 9 నాటికి సుమారు 4,37,000 మందిని తరలించారు. నివేదిక కొందరి చేతికి అందింది గాని సిగెత్ గడపలకు చేరలేదు. బాధితుని అపనమ్మకం, తెలిసినవారి మౌనం ఒకటి కావు. యిడ్డిష్ శీర్షిక వేలెత్తి చూపింది ఈ రెండోదాన్నే. ఈ తేడాను విద్యార్థి గుర్తించిన నాడు, శ్రోతగా ఉండడం నిష్క్రియత అనే ఆక్షేపణ నిలవదు. వినడం చర్యకు తొలి మెట్టు. వినిపించుకున్నవారికి జవాబుదారీ ఉంటుంది.

వయసు గురించిన ఆక్షేపణ

ఇంత భయంకరమైన విషయం ఆ వయసుకు తగునా అన్నది తల్లిదండ్రులు వేసే ప్రశ్న. తేలిగ్గా తోసివేయదగినది కాదు. సిద్ధం చేయకుండా చూపిన దారుణం మనసును తెరవదు, మూసేస్తుంది. అయితే ఈ ప్రశ్న కొన్నిసార్లు దారి తప్పుతుంది. 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రంలోని మెక్‌మిన్ కౌంటీ విద్యామండలి, ఆర్ట్ స్పీగల్‌మన్ బొమ్మల గ్రంథం 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల నుంచి ఏకగ్రీవంగా తొలగించింది. చెప్పిన కారణాల్లో ప్రధానమైనవి కొన్ని అసభ్య పదాలు, ఒక నగ్న చిత్రం. ఆ చిత్రంలో ఉన్నది ఆత్మహత్య చేసుకున్న రచయిత తల్లి. పిల్లలను కాపాడాలన్న ఆందోళన నిజమైనదే కావచ్చు. కాని సాక్షి మాటను సభ్యత కొలతతో కొలిచినప్పుడు తలుపు మళ్లీ మూసుకుంటుంది. వయసుకు తగినట్లు చెప్పడమంటే సత్యాన్ని మృదువుగా మార్చడం కాదు; ఎంత చెప్పాలో, ఏ క్రమంలో చెప్పాలో నిర్ణయించడం. ఆ పని సాక్షులు మనకంటే ముందే చేశారు.

మన తరగతి గదులు

ఈ ప్రశ్న తెలుగు నేలకు దూరమైనది కాదు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి బడుల్లో చదివే మన పిల్లలు పదో తరగతి ఇంగ్లీషు వాచకం 'ఫస్ట్ ఫ్లైట్'లో ఆన్ ఫ్రాంక్ దినచర్యలోని ఒక భాగం చదువుతారు. అది 1942 జూన్ నాటిది. తరగతిలో ఎక్కువగా మాట్లాడే పిల్ల, ఆమెకు శిక్షగా వ్యాసం రాయమనే లెక్కల మాస్టారు, చివరకు ఆయన నవ్వడం అందులోని విషయం. తర్వాత కొద్ది వారాలకే, జూలై 6న ఆ కుటుంబం అజ్ఞాతవాసానికి వెళ్లింది. స్మృతికర్తకు ముగింపు తెలుసు; దినచర్య రాసే బాలికకు తెలియదు. తెలిసినది పాఠకునికే. హాస్యభరితమైన ఆ పాఠాన్ని హాస్యంగానే చదివించి, ఆ తర్వాత తేదీని మాత్రం నల్లబల్లమీద రాసే ఉపాధ్యాయుడు చేసేది చిన్న పనిలా కనిపిస్తుంది. శ్రోతృత్వ శిక్షణ అక్కడే మొదలవుతుంది.

దళిత ఆత్మకథలను మన విశ్వవిద్యాలయాల్లో బోధించేటప్పుడు మరొక కోణం ఎదురవుతుంది. రెండు చరిత్రలను సమానం చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. తేడాయే గమనించదగింది. అమెరికా విద్యార్థికి సాక్షి చాలావరకు దూరదేశస్థుడు. మన తరగతిలో సాక్షి పక్క బల్లమీదే కూర్చొని ఉండవచ్చు. అప్పుడు 'నువ్వైతే ఏం చేసేవాడివి?' అనే ప్రశ్న ఇంకా క్రూరమవుతుంది. వినడం నేర్పవలసిన అవసరమూ అంతే పెరుగుతుంది.

ముగింపు

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. స్మృతిరచనపై మార్కులు వేయవచ్చు, అయితే వేటికి? వాక్యాన్ని సరిగా చదివినందుకు, ఎక్కడ కథనం ఆగిందో గుర్తించినందుకు, తెలియనిదాన్ని తెలియదని రాసినందుకు వేయవచ్చు. దుఃఖాన్ని ప్రదర్శించినందుకు వేయరాదు. మార్కులకోసం చూపిన కన్నీరు విద్యార్థికీ సాక్షికీ ఇద్దరికీ అన్యాయమే. ఇల్లినాయ్ 1990లో హోలోకాస్ట్ బోధనను తప్పనిసరి చేసింది. మిషిగన్ 2016 చట్టం 8 నుంచి 12 తరగతుల మధ్య ఆరు గంటల బోధన కోరింది. చట్టం గంటలను నిర్ణయించగలదు. ఆ గంటల్లో ఎవరు మాట్లాడాలో, ఎవరు వినాలో నిర్ణయించేది ఉపాధ్యాయుడే. ఒక మాట విన్నప్పుడు 'ఇలా జరగదు' అనేముందు ఒక్క క్షణం ఆగగల విద్యార్థిని తయారుచేస్తే ఆ తరగతి తన పని చేసినట్లే.